నారబట్ట కట్టినా మర్యాదే

నారచీరలంటే మనకు అడవి, వనవాసం గుర్తొస్తాయి. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో మాత్రం నారబట్ట పండుగ బట్ట! దాని పేరు సియాపో. కాగితపు మల్బరీ చెట్టు బెరడు ఒలిచి, లోపలి నారను గవ్వచిప్పలతో గీకి, చెక్కదిమ్మపై కొయ్యసుత్తితో బాదుతారు. సన్నని పీలిక ఎన్నో రెట్లు వెడల్పవుతుంది. దానిమీద చెట్లరంగులతో బొమ్మలు దిద్దుతారు. ఆ చెట్టు అంజూరపు కుటుంబానిదే. ఆదాము హవ్వలు సిగ్గు దాచుకోవడానికి ఆశ్రయించింది కూడా అంజూరపు ఆకుల్నే కదా!

1830లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ విలియమ్స్ సువార్తతో అక్కడికి చేరాడు. అప్పటి సమోవా స్త్రీలు నడుముకే బట్ట కట్టేవారు. ఛాతీ కప్పుకోకపోవడం వాళ్ల దృష్టిలో సిగ్గుమాలినతనం కాదు. విలియమ్స్ వెంట వచ్చిన ఉపదేశకుల భార్యలు ఒళ్లంతా కప్పుకోమని బోధిస్తే, సమోవా స్త్రీలు తిరిగి వాళ్లనే బతిమాలారట! ఆ బట్టలు తీసేసి, తమలాగే చాప చుట్టుకొని, నూనె రాసుకొని, పసుపు పూసుకొని తిరిగితే ఎంత బాగుంటారోనని. ఈ సంగతి విలియమ్సే రాసుకున్నాడు.

మిషనరీలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1839లో ఎర్రొమాంగో దీవిలో విలియమ్స్ సువార్త కోసం ప్రాణమే ఇచ్చాడు. అయితే సువార్తతోపాటు ఐరోపా దర్జీ కొలతలూ ఓడ దిగాయన్నది నిజం. ఈనాడు సమోవా పండుగలో గ్రామపెద్ద కుమార్తె ఛాతీ నుంచి సియాపోగానీ సన్నని చాపగానీ చుట్టుకొని, భుజాలకు నూనె రాసుకొని, తలపై తుయిగా అనే పెద్ద కిరీటంతో నెమ్మదిగా నాట్యమాడుతుంది. ఊరి గౌరవమంతా ఆమెదే. ఆదివారం అదే అమ్మాయి పులెతాసి అనే పొడవాటి దుస్తుల్లో మందిరంలో కూర్చుంటుంది. ఆ రెంటిలో ఏది మర్యాద అని అక్కడెవరూ అడగరు.

ఏదెనులో దేవుడు ఆకులు కట్టుకున్నవారిని చూసి ఎగతాళి చేయలేదు. తానే చొక్కాయిలు చేసి తొడిగించాడు (ఆది. 3:21). మురికిబట్టల పేదవాణ్ని మందిరంలో చిన్నచూపు చూడొద్దని యాకోబు తన పత్రికలో గట్టిగానే హెచ్చరించాడు (2:2-4). ఆ భాగం మీద సెమినరీలో నేను పరీక్ష కూడా రాశాను. పాస్టరైన కొత్తలో, తలపై చెంగు కప్పుకోకుండా ఆరాధనకు వచ్చిన ఒక కూలి యువతిని అందరి ముందూ మందలించాను. ఆమెకున్న రెండు చీరల్లో మంచిదానికి చెంగు చిరిగిపోయిందని తర్వాత తెలిసింది. క్షమించమని అడగడానికి వాళ్ల గుడిసెకు వెళ్లేసరికి, ఆ కుటుంబం పనుల కోసం వలసపోయింది.