చెట్ల బెరడుపై కానవచ్చు పాచిమచ్చలను గూర్చి

ఉద్దానపు తోటలలో జీడిమామిడి, పనస, కొబ్బరి మ్రాకులమీద తెల్లనివి, బూడిదవన్నెవి, లేతపచ్చనివి మచ్చలు పట్టియుండుట రైతులందఱు ఎఱిగినదే. వానిని తెగులని తలచి కొందఱు కత్తితో గోకివేయుదురు. ఆ పని చెట్టునకు మేలు చేయకపోగా కీడు తెచ్చును.

ఈ మచ్చలకు లైకెన్ అని పేరు. మసాలాలో వేయు రాతిపువ్వు ఈ తెగలోనిదే. చూచుటకు ఒక్క మొక్కవలె నున్నను ఇది రెండు జీవుల ఉమ్మడి కాపురము. పైకప్పు బూజు, లోపల నుండునది కంటికి కానరాని పాచి. పాచి ఎండను గ్రహించి ఆహారము పండించును. బూజు దానికి చోటును తేమను ఇచ్చి పంటలో పాలు తీసికొనును. మన కోరుసాగు వంటిదే. 1867లో స్విట్జర్లాండు దేశస్థుడగు శ్వెండనర్ ఈ సంగతి ప్రకటించినపుడు ఆ శాస్త్రమునందలి పండితులే పెక్కురు ఒప్పుకొనలేదు.

దీనికి వేళ్లు లేవు. బెరడును పట్టుకొనుటకు సన్నని పోగులు మాత్రము కలవు. అవి చెట్టు రసమును పీల్చవు. వాననీరు, మంచు, గాలిలోని ధూళి, ఇవియే దాని జీవనాధారము. అందుచేతనే రాళ్లమీదను పెరుగును. రాతిలో పీల్చుటకు రస మెక్కడిది? వేసవిలో ఎండి పెళుసై చచ్చినట్లుండి, జల్లు పడినంతనే పచ్చబడును. కొన్నిరకములు నల్లని గీతలుగా నుండును. దస్తావేజులతో ప్రొద్దుపుచ్చు నావంటివానికి అవి తెలియని లిపివలె తోచును.

బదనిక సంగతి వేఱు. అది కొమ్మలోనికి చొచ్చి నీటిని దోచుకొనును. దానిని కొమ్మతోసహా నఱికివేయవలెను.

చిక్కిన చెట్లమీదనే మచ్చలు హెచ్చుగా నేల యున్నవని రైతులు అడుగవచ్చును. ఆకు రాలి పలుచబడిన చెట్టునకు వెలుతురు మ్రానుదాక దిగును. వెలుతురు తగిలినచోట లైకెన్ విరివిగా పెరుగును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినపుడు కొమ్మలు విఱిగిన చెట్లవంటివానికి ఇదియే వర్తించును. చెట్టు చిక్కుటకు కారణము వేఱొకచోట వెదకవలెను.

జీడిచెట్టు మొదట బంకయు, రంపపుపొట్టువంటి పిప్పియు కానవచ్చినచో కాండము తొలుచు పురుగు చేరినదని గ్రహింపవలెను. తల్లిపురుగు బెరడు పగుళ్లలో గ్రుడ్లు పెట్టును. మచ్చలకై చేసిన కత్తిగాట్లు దానికి క్రొత్తచోటు చూపినట్లగును. పిప్పి కనబడగానే అచ్చటి చెడిన బెరడును ఉలితో తీసి పురుగులను ఏరి చంపవలెను. పూర్తిగా ఎండిన చెట్టును వేళ్లతో పెకలించి తోటనుండి తొలగింపవలెను. మచ్చలను మాత్రము ముట్టవలదు.