పగులు పరుగెత్తక ముందే

పుదుచ్చేరిలో ఫ్రెంచి పేర్ల వీధులు నేటికీ ఉన్నాయి. సాయంకాలం బీచి రోడ్డుపై నడిచేటప్పుడు మేము 'ప్యారిస్ సూత్రం' అనగానే సహోద్యోగి కుమార్తె ఫ్రాన్సు రాజధానిని తలచుకున్నది. ఇది ఆ ప్యారిస్ కాదు; పాల్ ప్యారిస్ అనే అమెరికా ఇంజినీరు పేరు. లోహంలో పగులు పెరిగే వేగాన్ని లెక్కించే మార్గాన్ని ఆయన తన సహచరులతో కలిసి 1961లో చూపారు. ప్రముఖ పత్రికలు తిప్పిపంపిన ఆ వ్యాసం చివరకు వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఇంజినీరింగు పత్రికలో వెలువడింది. సంస్థల సొంత పత్రికలను చిన్నచూపు చూడరాదని మేము అందుకే అంటాము!

పీడనం ఎక్కి దిగినప్పుడల్లా పగులు రవ్వంత ముందుకు జరుగుతుంది. ఒత్తిడి హెచ్చుతగ్గులు రెండింతలైతే, సాధారణ ఉక్కులో పెరుగుదల వేగం సుమారు ఎనిమిదింతలవుతుంది. ప్రయోగశాలలో గాడి కోసిన ఉక్కు ముక్కను యంత్రం వేలసార్లు లాగి వదులుతుంటే, పగులు పొడవును కొలిచి ఈ లెక్క కడతారు. ఒక హద్దు దాటిన పగులు ముందస్తు నోటీసు ఇవ్వదు.

1965 డిసెంబరులో ఇంగ్లండులో అమ్మోనియా కర్మాగారం కోసం తయారైన పాత్ర జలపీడన పరీక్షలోనే బద్దలైంది. గోడ మందం 149 మి.మీ. సుమారు రెండు టన్నుల ముక్క 46 మీటర్ల దూరాన పడింది. వెల్డు దగ్గర చిన్న పగుళ్ళు, ఒత్తిడి తొలగించే ఉష్ణచికిత్సలో లోపం, ఇవే కారణాలు. నీటితోనే ఇంత! నీరు దాదాపు కుంచించుకోదు గనుక అది దాచుకునే శక్తి స్వల్పం. గాలి నింపి ఉంటే ఊహకందదు. పరీక్షకు ముందు పాత్ర పైభాగంలో చిక్కిన గాలిని పూర్తిగా వదలమని మేము పట్టుబట్టేది ఇందుకే.

మా ఉద్యోగ జీవితంలో ఒక మార్చి నెలాఖరున, లారీ గేటు దగ్గర నిలిచి ఉండగా, అల్ట్రాసోనిక్ పరీక్షలో నాజిల్ వెల్డు వద్ద ఒక సూచన కనబడింది. లక్ష్యం నెరవేరాలని పైవారు, పంపరాదని మేము. వెల్డును తొలిచి చూడగా లోపల వెంట్రుకవాసి పగులు ఉన్నది. తిరిగి వెల్డు చేసి, ఉష్ణచికిత్స జరిపి పంపేసరికి ఏప్రిల్ వచ్చింది. ఆ ఏడాది లక్ష్యం తప్పింది, మాటలూ పడ్డాము.

ఇంట్లోని గ్యాస్ సిలిండరు కూడా పీడనపాత్రే. పైపట్టీపై 'డి' అక్షరం, పక్కన ఏడాది ఉంటే, ఆ ఏడాది అక్టోబరు-డిసెంబరు లోగా దానికి పరీక్ష జరగాలని అర్థం. 'ఏ' అంటే జనవరి-మార్చి. మిగిలినవి ఆ వరుసనే. మరునాడు ఆ అమ్మాయి వచ్చి, "చూశాను బాబాయిగారూ, మాదానికి ఇంకా గడువున్నది" అన్నది.