వెలగపండు వెల యెంత?

బీజగణితపు పుస్తకమున అక్షరములును అంకెలును కలిసిన పంక్తులను చూచి పిల్లలు బెదరుట మన యిండ్లలో అరుదు కాదు. ఇచట అధైర్యపడినవారు తరువాతి గణితమునకే దూరమగుదురు. కాని యా పంక్తులు చెప్పునది సంతలో మనము వినెడు బేరపు మాటయే.

క్రీ. శ. 9వ శతాబ్దమున, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలములో, మహావీరాచార్యుడు సంస్కృతమున 'గణితసారసంగ్రహము' రచించెను. 11వ శతాబ్దమున పావులూరి మల్లన దానిని తెనుగు పద్యములలోనికి తెచ్చెను. మహావీరుని గ్రంథములో నొక లెక్క యున్నది: 9 మాదీఫలములకును 7 వెలగపండ్లకును కలిపి వెల 107, 7 మాదీఫలములకును 9 వెలగపండ్లకును కలిపి వెల 101. ఒక్కొక్క పండు వెల యెంత?

మొదటి మాట యొక్కటియే విన్నచో ఏమగును? మాదీఫలము 8, వెలగపండు 5 అన్నను 107 వచ్చును. మాదీఫలము 1, వెలగపండు 14 అన్నను 107 వచ్చును. ఏది నిజమో తేల్పజాలము. తెలియనివి రెండైనపుడు తెలిసిన మాటలును రెండు కావలెను.

మాటలు రెండును దొరకిన పిమ్మట చేయవలసినది, తెలియని రెంటిలో నొకదానిని తప్పించుట. మొదటి బేరము 9 మారులు, రెండవది 7 మారులు జరిగినట్లు భావింతము. మొదట 81 మాదీఫలములు, 63 వెలగపండ్లు, వెల 963. రెండవమారు 49 మాదీఫలములు, 63 వెలగపండ్లు, వెల 707. వెలగపండ్లు రెండుచోట్లను సమానమే గనుక, వెలలోని భేదమంతయు మాదీఫలములదే. 32 మాదీఫలములకు 256, ఒక్కదానికి 8. ఇక 107లో 9 మాదీఫలముల వెల 72 పోగా మిగిలిన 35, 7 వెలగపండ్ల వెల, ఒక్కదానికి 5. రెండవ మాటతో సరిచూచినచో, 56ను 45ను కలిసి 101 అగుచున్నవి. మహావీరుడు చెప్పిన సూత్రమును ఈ గుణకారములనే చేయించును. నేటి పాఠ్యపుస్తకములు పండ్ల వెలలకు మారుగా ఎక్స్, వై అను అక్షరముల నుంచును, అంతియే భేదము.

అయితే రెండు వాక్యములున్నంత మాత్రమున చాలదు. రెండవ మాట '18 మాదీఫలములు, 14 వెలగపండ్లు, వెల 214' అని యున్నచో, అది మొదటిదాని రెట్టింపే. క్రొత్త విషయ మేమియు లేదు. వెల 220 అని యున్నచో రెండు మాటలును పొసగవు. ఏ జవాబును కుదరదు. రెండవ వాక్యము క్రొత్త సంగతి చెప్పవలెను, మొదటిదానితో పొసగవలెను.

కావున, పిల్లలు ఇట్టి లెక్కలు చేయునపుడు పెద్దలు అడుగవలసినవి రెండే ప్రశ్నలు: ముందుగా దేనిని తప్పించిరి? వచ్చిన జవాబును రెండు వాక్యములందును సరిచూచిరా? ఈ రెంటికిని సమాధానము చెప్పగల పిల్లలకు అక్షరముల భయ ముండదు.