పోయకముందే అసలు పని

కెంటకీలో బర్బన్ విస్కీ తయారుచేసేవాళ్లు తమ నేల గురించి గొప్పగా చెప్పుకుంటారు. అక్కడ మట్టి కింద సున్నపురాయి పరుచుకుని ఉంటుంది. ఆ రాతిలోంచి ఊరివచ్చే నీళ్లలో ఇనుము దాదాపు ఉండదు, కాల్షియం దండిగా ఉంటుంది. ఇనుము తగిలితే విస్కీ నల్లబడుతుంది. కాల్షియం ఉంటే ఈస్టు బాగా పనిచేస్తుంది. అదే సున్నపురాయిని బంకమట్టితో కలిపి 1,450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే సిమెంటుకు మూలమైన క్లింకర్ వస్తుంది. మన పల్నాడులో, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి కోసమే.

రాయి దగ్గర మొదలైన చుట్టరికం చెక్క దాకా వెళ్తుంది. చేత్తో చేసే మేలైన కాంక్రీటు పనిలోనైనా, మేలైన బర్బన్‌లోనైనా పనితనం పోయకముందే తేలిపోతుంది. బర్బన్‌కు పీపా, కాంక్రీటుకు అచ్చు. పోశాక మనిషి చేతిలో ఉండేది చాలా తక్కువ.

పీపా సంగతే చూడండి. బర్బన్ అనిపించుకోవాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. పీపాలో పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం దాటకూడదు. నీళ్లు తప్ప రంగూ రుచీ ఏదీ కలపకూడదు. పీపా కొత్త ఓక్‌ది కావాలి, లోపల కాల్చి ఉండాలి. ఇది అమెరికా చట్టం. అంటే గ్లాసులో కనిపించే ఆ తేనెరంగు మొత్తం చెక్క ఇచ్చిందే. పోసినప్పుడు ఆ స్పిరిట్ నీళ్లంత తేటగా ఉంటుంది.

పీపా కట్టేవాళ్లు వైట్ ఓక్ పలకలను ఎండబెట్టి, ఆవిరి పట్టి, వంచి, ఇనుప పట్టీలతో బిగిస్తారు. మేకు కొట్టరు, జిగురు పూయరు. తర్వాత లోపల మంట పెడతారు. నాలుగో నంబరు కాల్పు అంటే దాదాపు 55 సెకన్లు. ఆపాటికి లోపలి గోడ బీటలు వారి మొసలి చర్మంలా తయారవుతుంది. ఆ బొగ్గు వెనక, చెక్కలోని చక్కెరలు పాకమైన చోట ఎర్రటి పొర ఏర్పడుతుంది. వేసవిలో స్పిరిట్ వ్యాకోచించి ఆ పొర దాకా చొచ్చుకుపోతుంది, చలికాలంలో వెనక్కి వస్తుంది. వెనిలా వాసన ఓక్‌లోని లిగ్నిన్ నుంచి పుడుతుంది. ఏటా కొంత స్పిరిట్ ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు.

ఇక కాంక్రీటు. అమెరికాలో వంటగట్లకు చేత్తో పోసిన కాంక్రీటు పలకలు వాడటం ఒక కళగా స్థిరపడింది. కాలిఫోర్నియా డిజైనర్ ఫు-తుంగ్ చెంగ్ 2002లో ఈ పనిమీదే ఒక పుస్తకం తెచ్చారు. ఇలాంటి పలకను చాలామంది తలకిందులుగా పోస్తారు. నున్నటి బోర్డులతో అచ్చు కట్టి, మూలల్లో సిలికాన్ గీత వేసి వేలితో నునుపు చేస్తారు. రేపు పలక అంచుకు వచ్చే వంపు ఈ రోజు ఆ వేలు గీసిందే. అచ్చులో ఒక్క రంపపు పొట్టు రేణువు మిగిలినా అది పై ముఖంమీద తేలుతుంది. అచ్చు విప్పే దాకా ఆ ముఖం ఎవరికీ కనిపించదు.

కాంక్రీటు ఆరి గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి నీళ్లు సిమెంటుతో రసాయనికంగా కలవడం వల్ల గట్టిపడుతుంది. ఇల్లు కట్టుకున్న ప్రతి తెలుగువాడికీ స్లాబుమీద మడులు కట్టి నీళ్లు నిలిపిన రోజులు గుర్తుంటాయి. ఆ తడి ముందే ఆరిపోతే లోపలి పని సగంలో ఆగుతుంది. బలాన్ని 28 రోజులకు పరీక్షిస్తారు గానీ, తడి ఉన్నంతకాలం అది మెల్లగా పెరుగుతూనే ఉంటుంది.

అచ్చు విప్పాక చేయి పెట్టకపోవడమే నిజాయితీ అనుకున్న వాస్తుశిల్పి లూయీ కాన్. కాలిఫోర్నియాలో 1965లో పూర్తయిన సాక్ ఇన్‌స్టిట్యూట్ గోడలను సెంట్రింగ్ విప్పాక సానపట్టనివ్వలేదు, పూడ్చనివ్వలేదు, రంగు వేయనివ్వలేదు. ప్లైవుడ్ అతుకుల గీతలు నేటికీ ఆ గోడలమీద ఉన్నాయి. బర్బన్ చట్టానికి ఇంతకన్నా దగ్గరి చుట్టం నాకు కనిపించదు.

నిప్పు విషయంలో మాత్రం జర్మనీకి వెళ్లాలి. మెషెర్నిష్ దగ్గర పొలాల మధ్య పీటర్ జుమ్‌తోర్ రూపకల్పన చేసిన బ్రూడర్ క్లౌస్ ప్రార్థనాలయం 2007లో పూర్తయింది. 112 చెట్ల మానులను గుడారంలా నిలబెట్టి, వాటి చుట్టూ అర మీటరు మందాన రోజుకో పొర చొప్పున 24 పొరల కాంక్రీటును దిమ్మిస చేశారు. గట్టిపడ్డాక లోపలి మానులకు నిప్పు పెట్టి, రాజబెట్టి వదిలేశారు. మానులు పోయాయి, వాటి గాడులు, మసి గోడకు మిగిలాయి. కెంటకీలో కాల్చిన చెక్క తనలో పోసినదానికి రుచి ఇస్తే, ఇక్కడ తన చుట్టూ పోసినదానికి రూపం ఇచ్చింది.

పోలిక ఒకచోట తెగిపోతుంది. పీపాలు నిల్వ ఉంచే గిడ్డంగిలో వేడెక్కువగా ఉండే పై అంతస్తులో ఒక పీపా అతిగా ముదిరితే, కింది అంతస్తు పీపాతో కలిపి రుచి సరిదిద్దే వీలు డిస్టిలరీ పెద్దకు ఉంది. కాంక్రీటు పనివాడికి అది లేదు. సన్న బెజ్జాలుంటే అదే రంగు సిమెంటు ముద్దతో పూడుస్తాడు. మూల విరిగినా, పలక మధ్యలో చీలినా దాన్ని పగలగొట్టి, కొత్త అచ్చుకు మళ్లీ బోర్డులు కోసుకోవాల్సిందే.