జంతికల గొట్టము – నీటి గొట్టము

సంక్రాంతి దినములలో మన యిండ్ల జంతికలు వండుట విద్యార్థులందఱును చూచియే యుందురు. పిండిని గొట్టములో నుంచి పైనుండి నొక్కినచో, అడుగు బిళ్ళయందలి చిల్లులగుండ నది తీగలై నూనెలో పడును. బిళ్ళ మార్చినచో ఆకారము మాఱును. నీటి గొట్టములు, విద్యుత్తీగల తొడుగులు, కారు తలుపుల సందులలో నమర్చు రబ్బరు పట్టీలు మున్నగునవి ఈ రీతినే పుట్టుచున్నవి. ఈ పద్ధతికి ఎక్స్‌ట్రూషన్ అని పేరు. నొక్కి వెడలించుట యని దాని భావము.

ఇది ప్లాస్టిక్కుకంటె పాతది. ఇంగ్లండు దేశీయుడగు జోసఫ్ బ్రామా 1797లో సీసమును నొక్కి గొట్టములు చేయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. పిమ్మట గట్టాపర్చా యను చెట్టుపాలను రాగితీగపై నిట్లే తొడిగి, 1851లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల నడుమ సముద్రగర్భమున తంతిని వేసిరి. కరగు ప్లాస్టిక్కులకు తగిన యంత్రమును 1935లో జర్మనీయందు పాల్ ట్రోస్టర్ నిర్మించెను.

ఇక యంత్రము పనిచేయు విధమును చూతము. జంతికల గొట్టములో పిండి యైపోగానే మరల నింపవలెను. యంత్రమునకు అట్టి విరామము లేదు. దళసరి ఉక్కు బ్యారెల్‌లో పొడవైన స్క్రూ తిరుగుచుండును. ఒక కొనయందలి తొట్టినుండి ప్లాస్టిక్కు గుళికలు దానిపై పడును. స్క్రూ చుట్లు వానిని ముందునకు త్రోయును. స్క్రూ నడిమి కాండము రానురాను లావగుటచే చుట్ల మధ్య చోటు తగ్గి గుళికలు నలుగును. బయటి వేడిమియు, లోపలి రాపిడియు కలిసి వానిని కరగించును. పాలిథీన్ సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో చిక్కని పాకమై, కొనయందలి డై యను ఉక్కు బిళ్ళగుండ వెడలును.

చిల్లునుండి తీగ వచ్చుట సులభముగ తెలియును గాని, బోలు గొట్టమెట్లు వచ్చును? డై చిల్లు నడుమ ఒక కడ్డీ నిలుపుదురు. పాకము దాని చుట్టును పాఱి గొట్టమగును. కాని ఆ కడ్డీ గాలిలో నిలువదు గదా! పలు డైలలో సన్నని ఉక్కు కాళ్ళు దానిని పట్టియుంచును. పాకము ఆ కాళ్ళవద్ద పాయలుగ చీలి, వానిని దాటినపిదప మరల నొకటిగ కలియవలెను. కావున అతుకు లేనట్లు కనబడు గొట్టమునందును కంటికి కానరాని అతుకులు గలవు. వేడిమియు, ఒత్తిడియు చాలినచో అవి గట్టిపడును. చాలనిచో, నీటి యొత్తిడికి గొట్టము ఆ రేఖ వెంబడి నిలువున చీలును.

వెడలిన పాకము కొంత ఉబ్బును. అందుచే డై కొలత వేఱు, వస్తువు కొలత వేఱు. గొట్టమును కొలతగల గుల్లలోనుండి నడపి, చన్నీటిలో చల్లార్చి, యంత్రముతో లాగుదురు. వడిగ లాగినచో గోడ పలుచనగును, మెల్లగ లాగినచో దళసరి యగును.

రబ్బరు మార్గము దీనికి విరుద్ధము. అది గంధకముతో కలిసి బ్యారెల్‌లోనికి వచ్చును. అచ్చట ఎక్కువ వేడి తగిలినచో లోపలనే గట్టిపడును. కావున తక్కువ వేడిమిలో ఆకారమిచ్చి, వెడలినపిదప ఆవిరితోనో, వేడిగాలితోనో కాచుదురు. అప్పుడు గంధకము రబ్బరు అణువుల నడుమ వంతెనలు కట్టును. నిజమునకు జంతికను పోలినది రబ్బరే. వేగిన జంతిక మరల పిండి కానట్లే, కాగిన రబ్బరు మరల మెత్తని ముద్ద కాదు. ప్లాస్టిక్కు బెల్లపు పాకము వంటిది. చల్లారిన గట్టిపడును, కాచిన మరల కరగును. అందుచేతనే గొట్టముల తునుకలను కరగించి మరల వాడవచ్చును.

అనంతపురము ప్రాంతపు చీనీ తోటలలో చెట్ల మొదళ్ళకు బొట్టుబొట్టుగ నీరిచ్చు నల్లని గొట్టములు ఇట్టివే. ఎండవేళ గొట్టము పగిలినచో, బోరుబావిలోని కొద్దిపాటి నీరును నేలపాలగును. రైతు పంటకు ముప్పు కలుగును. ఆ ముప్పునకు బీజము ఎక్కడనో కర్మాగారమున, వేడిమి తగ్గిన యొక గడియలో పడియుండవచ్చును. కావున గొట్టము కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్రను చూడుడు. కోసిన కొనను చూచి, గోడ చుట్టును సమముగ నున్నదా యని పరీక్షింపుడు. లోపలి అతుకు మన కంటికి కానరాదు. దాని భారమంతయు యంత్రముకడ నిలిచినవాని శ్రద్ధపైననే యున్నది.