మీకు తెలుసా? చెక్క పడవకు ఉప్పునీటి కంటే వాన నీరే చేటు!

సముద్రంలో తిరిగే పాత క్యాబిన్ పడవలో చెక్క కుళ్లడానికి ఎక్కువగా కారణం కింది ఉప్పునీరు కాదు, పైకప్పు సందుల్లోంచి కారే వాన నీరు.

చెక్కను తినే శిలీంధ్రాలకు ఉప్పు పడదు. మంచినీటి తేమ దొరికితే మాత్రం వాటికి పండగే. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటకపోతే అవి పెరగలేవు. ఉప్పు వాటికి పడదు కాబట్టే ఒకప్పుడు అమెరికాలో ఓడలు కట్టేవాళ్లు చట్రం దుంగల మధ్య ఖాళీల్లో రాతి ఉప్పు దట్టించేవారు. మన ఊరగాయ సూత్రమే!

పాత పడవ లోపలి చెక్కపని బాగుచేసే వడ్రంగి ముందు చూసేది కిటికీల కింది మూలలు. పైన వార్నిష్ నిగనిగలాడుతున్నా సరే, స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే మెత్తగా దిగబడిందంటే ఆ ముక్క మార్చాల్సిందే.

టేకు సంగతి వేరు, అది అంత తేలిగ్గా కుళ్లదు. ముంబైలో భారతీయ టేకుతో కట్టి, 1817లో నీళ్లలోకి దించిన యుద్ధనౌక హెచ్ఎంఎస్ ట్రింకోమలీని ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్ట్‌పూల్‌లో చూడొచ్చు. అయినా 1990లలో దానికీ ఏళ్ల తరబడి మరమ్మతులు తప్పలేదు.

పెద్దేముల్ లాంటి మన ఊళ్లకు సముద్రం ఎంతో దూరం. కానీ వాన జల్లు కొట్టే ద్వారబంధం అడుగున కుళ్లేదీ ఇలాంటి శిలీంధ్రాల వల్లే. తడి ఆరకముందే రంగు పూస్తే తేమ లోపలే చిక్కుకుపోతుంది. వానలు వెళ్లి, చెక్క బాగా ఎండాకే బ్రష్ పట్టండి.