ఒక్క కుర్చీకి ఎందరు నర్సులు?

ఇంట్లో ఎవరికైనా జబ్బుచేసి ఆసుపత్రిలో చేర్పించవలసి వస్తే మనం ముందుగా అడిగే ప్రశ్నలు రెండు. డాక్టరుగారి హస్తవాసి ఎలాంటిది? ఖర్చు ఎంతవుతుంది? రాత్రివేళ వార్డులో ఎందరు నర్సులుంటారని అడిగేవారు అరుదు. రోగి గట్టెక్కటం చాలావరకు ఈ మూడో ప్రశ్నమీద కూడా ఆధారపడి వున్నదంటే చాలామంది నమ్మరు.

డాక్టరుగారు రోజుకు ఒకటి రెండుసార్లు వార్డంతా చూసి, మందులు రాసి వెళతారు. మిగిలిన గంటలన్నీ నర్సువే. వేళకు మందివ్వటం, నాడి, జ్వరం, రక్తపుపోటు చూసి రాయటం, సెలైను అయిపోకముందే మార్చటం, కదలలేనివారిని రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పి వీపున పుండ్లు పడకుండా చూడటం - ఇవి పైకి కనిపించే పనులు. కనిపించని పని ఇంకొకటి వున్నది. అది కనిపెట్టి వుండటం. రక్తం ఎక్కించటం మొదలుపెట్టిన పావుగంటలో రోగికి వణుకు పుట్టినా, ఆపరేషనయిన మనిషికి ఊపిరి వేగం హెచ్చినా, ముందుగా పసికట్టవలసింది నర్సే. ఆమె పసికడితే డాక్టరుకు కబురు వెళుతుంది. ఆ సమయానికి ఆమె వార్డు ఆ చివర మరొకరి దగ్గర వుంటే, తెల్లవారేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోవచ్చు.

ఇది ఉత్త ఊహ కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల లెక్కలు తీసి, లిండా ఐకెన్ అనే ఆవిడ, ఆమె సహచరులు 2002లో ఒక సంగతి బయటపెట్టారు. నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి చొప్పున పెరిగినకొద్దీ, ఆపరేషను చేయించుకున్నవారు 30 రోజులలోపల మరణించే అవకాశం సుమారు 7 శాతం వంతున పెరుగుతున్నదట!

లెక్క చూద్దాం

నర్సుల కొరత ఎందుకు తీరటం లేదో తెలియాలంటే చిన్న లెక్క వెయ్యాలి. వార్డులో నర్సు కూర్చునే కుర్చీ ఒకటి వున్నదనుకోండి. అది పగలూ రాత్రీ ఖాళీగా వుండకూడదు. రోజుకు మూడు డ్యూటీలు, వారానికి 21. ఒక్క నర్సు వారానికి ఆరు డ్యూటీలు చేస్తుంది. అంటే ఆ కుర్చీకి ముగ్గురు చాలరు, మూడున్నర మంది కావాలి. నర్సుకూ జ్వరం వస్తుంది, పురుడు వస్తుంది, పండుగ వస్తుంది. అందుకే సెలవుల కోసం నూటికి 30 వంతున అదనం కలపాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిలు ప్రమాణాలు చెబుతున్నాయి. అదీ కలిపితే ఒక్క కుర్చీకి సుమారు నాలుగున్నర మంది!

ఆ లెక్కన 30 మంచాల వార్డులో ఏ వేళనయినా ఐదుగురు నర్సులు వుండాలంటే 22, 23 మంది ఉద్యోగంలో వుండాలి. పదిమందే వుంటే వేళకు ఇద్దరు మిగులుతారు. అందులో ఒకరికి జ్వరం వచ్చిందా, ఆ రాత్రి 30 మంచాలకూ ఒక్కతే దిక్కు.

మరి నర్సులు లేరా?

స్వాతంత్ర్యానికి ముందు నిజంగానే లేరు. 43,000 మంది జనాభాకు ఒక్క నర్సు వున్నదని 1946లో భోర్ కమిటీ రాసింది. మనవైపు ఈ వృత్తిలోకి మొదట వచ్చినవారిలో మిషను ఆసుపత్రులలో తర్ఫీదయిన క్రైస్తవ యువతులే హెచ్చు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి అటువంటి వాటిలో ఒకటి.

ఇప్పుడు సంగతి వేరు. 2022 నాటికి దేశంలో రిజిస్టరయిన నర్సింగు సిబ్బంది 33 లక్షలు దాటారు. అయితే రిజిస్టరులో పేరున్నంత మాత్రాన వార్డులో మనిషి వున్నట్టు కాదు. పెళ్లయి మానేసినవారున్నారు. గల్ఫు దేశాలకో, ఇంగ్లండుకో వెళ్లినవారున్నారు. ధనిక దేశాలలో పనిచేసే నర్సులలో నూటికి సుమారు 23 మంది పరాయిదేశాలలో పుట్టినవారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో తెలిపింది.

పోయేవారిని తప్పుపట్టేముందు ఇక్కడి జీతం మాట అడగాలి. ప్రైవేటు నర్సుల జీతాల సంగతి తేల్చమని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించగా, కేంద్రం కమిటీని వేసింది. 50 మంచాలకన్న తక్కువ వున్న ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనీ, 200 మంచాలు మించిన చోట సర్కారు నర్సులతో సమానంగా ఇవ్వాలనీ ఆ కమిటీ చెప్పింది. చెప్పటం కమిటీ వంతు, అమలు జరపటం రాష్ట్రాల వంతు!

2023లో కేంద్ర మంత్రివర్గం 157 కొత్త నర్సింగు కాలేజీలకు అనుమతి ఇచ్చింది. సంతోషమే. కాని కుండకు చిల్లి పూడ్చకుండా ఎన్ని బిందెలు పోసినా నిలుస్తాయా? చదువుకున్న పిల్ల ఇక్కడే పనిచెయ్యాలంటే పోస్టు కావాలి, తగిన జీతం కావాలి, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి క్షేమంగా చేరే ఏర్పాటు కావాలి.

ఇంతకాలం ఈ కొరత మనకు తెలియకపోవటానికి కారణం మన ఇళ్లలోనే వున్నది. రోగి పక్కన అమ్మో, అక్కో, కోడలో కూర్చుంటుంది. ఒళ్లు తుడుస్తుంది, గంజి పడుతుంది, సెలైను అయిపోతే పరుగెత్తుతుంది. నర్సు చెయ్యవలసిన పనిలో సగం జీతం లేకుండా ఆమె చేస్తున్నది. ప్రేమ ఎంతవున్నా, ఆమెకు ఊపిరి లెక్కపెట్టటం ఎవరు నేర్పారు?

ఇక గౌరవం మాట. 2020లో కరోనా వచ్చినపుడు దేశమంతా చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. అదే మనం సంబంధాలు చూసేటప్పుడు "పిల్ల నర్సా? రాత్రి డ్యూటీలు వుంటాయేమో!" అని వెనకాడతాం. చప్పట్లతో డ్యూటీ చార్టు నిండదు. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, రాత్రి ఈ వార్డుకు నర్సులు ఎందరని అడిగి చూడండి. పదిమంది అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు.